నీళ్లలో విటమిన్

మే నెలలో ఓ మంగళవారం పొద్దున, ఢిల్లీలోని ఓ ప్రభుత్వ ఆహార పరీక్షశాలలో, త్యాగరాజు మిషను శుద్ధమైన నీళ్లలో విటమిన్ ఉందని తేల్చింది. పాలలో కన్నా కాస్త ఎక్కువే ఉందిట.

త్యాగరాజు నీళ్లు మార్చాడు. గాజుగొట్టం మార్చాడు. మిషన్లోని దీపం ఆర్పి మళ్లీ వెలిగించాడు. ముల్లు సున్నా మొహం చూడనంది. వరండాలోకి వెళ్లి, ఎందుకు వెళ్లాడో తెలియక తిరిగొచ్చాడు. పదకొండింటికి పెద్దాఫీసరు రామమోహనరావు వస్తున్నాడు. ఈ పాత మిషను ఉంచాలా, తుక్కు కింద తోసెయ్యాలా అన్నది ఇవాళే తేలుతుంది. అది తుక్కులోకి పోతే త్యాగరాజు స్టోర్సులోకి పోవాలి, ఫినైలు డబ్బాలకి కాపలా.

మిషను చేసే పని చిన్నదే. పాల మీద నీలం వెలుగు వేస్తుంది. పాలలోని విటమిన్ ఆ వెలుగు తాగి పచ్చగా మెరుస్తుంది. మధ్యలో ఉండే ఫిల్టరు, అంటే ఓ పసుప్పచ్చ గాజుబిళ్ల, నీలాన్ని గుమ్మంలోనే ఆపేసి మెరుపును మాత్రం లోపలికి పోనిస్తుంది. మెరుపెంతో ముల్లంత.

గదిలో కూలర్ తేమకి గాజు మసకబారుతుందని, త్యాగరాజు రోజూ సాయంత్రం ఆ బిళ్లను కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని చార్టర్డ్ బస్సులో మయూర్ విహార్‌లోని ఇంటికి తీసుకుపోతాడు. కొత్త పెళ్లికూతురుగా తననైనా అంత భద్రంగా తేలేదని భార్య అరుంధతి దెప్పుతుంది. పోయిన వారం ఆయన తొందరలో ఆవిడ కళ్లజోడు ఆఫీసుకు పట్టుకెళ్లి, బిళ్లను ఇంట్లో వదిలేశాడు. అప్పట్నుంచి పెట్టె తెరిచి చూసి సంచీలో పెట్టడం ఆవిడ పనయింది. ఇవాళ పొద్దున కూడా పులిహోర కలుపుతున్నదల్లా లేచి వచ్చి చూసింది.

"బిళ్లే ఉందండీ. అన్నట్టు, ఆ కిరాణా కొట్టు లాలా పసుపులో రంగు కలుపుతున్నాడేమో మీ మిషన్లో చూడమన్నానా?"

"అచ్ఛా, చూస్తాలే," అన్నాడు, రెండేళ్లుగా అంటున్నట్టే.

రామమోహనరావు చెప్పిన వేళకన్నా ముందే పరీక్షశాలకి వచ్చి ముల్లుకేసి వంగి చూశాడు.

"ఏవయ్యా, నీళ్లలో విటమినా? ఇంక పాలకోసం మదర్ డెయిరీ లైన్లో నిలబడ్డం ఎందుకోయ్!"

త్యాగరాజు చివరి ప్రయత్నంగా ఫిల్టరు ఊడదీసి నీలం వెలుగుకి అడ్డం పెట్టాడు. గాజు మధ్యలో ఓ బొటనవేలి ముద్ర, ప్రతి గీతా పచ్చగా మెరుస్తోంది.

"ఇదేవిటి?"

"మా ఆవిడ, సార్."

రామమోహనరావు వంగి వాసన చూశాడు. "పులిహోర!" అందులోని పసుపు కూడా ఆ వెలుగుకి విటమిన్ లాగే మెరుస్తుంది; కలిపిన రంగైతే మెరవదు.

స్పిరిట్‌లో ముంచిన దూదితో త్యాగరాజు బిళ్లను తుడిచి మళ్లీ బిగించాడు. ముల్లు బుద్ధిగా సున్నా మీద కూర్చుంది. పెద్దాఫీసరు నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు.

"ఠీక్ హై, ఉండనీ. పసుపు మరకని కూడా వదలని మిషన్ని తుక్కులో ఎలా వేస్తాం!"

సాయంత్రం ఈ కథంతా చెబితే అరుంధతి నవ్వలేదు.

"బాగుంది సంబడం! నేను చెయ్యి కడుక్కోనని ఆఫీసంతా టముకు వేసొచ్చారన్నమాట. ఆ లాలా పసుపు సంగతి చూడండి మహాప్రభో అంటే మాత్రం తీరదు!"

"చూశానుగా, అసలు పసుపే," అన్నాడు త్యాగరాజు.