ఆంటీ దాచిన మూడో సీను

ఆంటీ పోయారన్న కబురు మంగళవారం పొద్దున మా సింగపూర్ తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైన ఉగాదికి పులిహోర ఎవరు చేస్తున్నారన్న చర్చ, కింద ఎవరో అమ్మకానికి పెట్టిన సోఫా. మధ్యలో ఆంటీ. టోవా పాయోలో తన ఫ్లాట్‌లోనే, నిద్రలోనే గుండె ఆగిపోయిందట. పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు నలభై వచ్చిపడ్డాయి. ఆ నలభైమందిలో ఆంటీ వేసిన నాటకం ఒక్కటైనా చివరిదాకా కూర్చుని చూసినవాళ్లు నాకు తెలిసి ఇద్దరు. అందరికంటే ముందు చేతులు జోడించింది మా అధ్యక్షులవారు. ఆయన ఆవిడ నాటకం ఒకటి ఇంటర్వెల్ దాకా చూశారు. ఆ నాటకానికి ఇంటర్వెల్ లేదు.

సంఘం సావనీరు కోసం ఆవిడ గురించి రెండువందల మాటలు రాయాలి. 'కళామతల్లి ముద్దుబిడ్డ' అని శీర్షిక కూడా ముందే సిద్ధమైంది. ఆంటీ బతికుండి ఆ శీర్షిక చూస్తే, మెళ్లో టేపు తీసి దాని పొడవు కొలిచి, ఇందులో నేను ఎన్ని అంగుళాలు ఉన్నానని అడిగేవారు. నేను రాసింది ఇది. దీన్ని సావనీరులో వేయరు, అందుకే మీ చేతిలో పెడుతున్నాను. ఆ శీర్షిక పెట్టింది సంఘం సాంస్కృతిక కార్యదర్శి. అది నేనే. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

ఆంటీది టైలరింగ్ షాపు. టోవా పాయోలో ఒక పాత బ్లాకు కింద, పళ్ల కొట్టుకీ తాళాలు బాగుచేసే అతనికీ మధ్య ఇరుకు గది. వాళ్ల తాతగారు తెల్లవాళ్ల కాలంలో విశాఖపట్నం దాపు పల్లె నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆంటీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అవ్వ దగ్గర నేర్చుకున్న ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ ధారాళంగా కలిసిపోయి ఉండేవి. విమానం దిగి వచ్చిన మాలాంటివాళ్లం ఆ తెలుగు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. నవ్వినవాళ్లలో ఒక్కరూ తెలుగులో ఒక కొత్త నాటకం రాసిన పాపాన పోలేదు. ఆవిడ పదకొండు రాశారు.

ఆదివారం షాపు మూసి, మిషన్లు గోడవారకు నెట్టి, షట్టరు సగం దించేవారు. పూర్తిగా దించితే గాలాడదు. పూర్తిగా ఎత్తితే ప్యాంటు పొట్టి చేయమని ఎవరో ఒకరు వస్తారు. లోపలికి పోవాలంటే ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. నటులు ఏడుగురు. నేను తప్ప తక్కినవాళ్లంతా తువాస్ షిప్‌యార్డుల్లో పనిచేసేవాళ్లు. డార్మిటరీల నుంచి బస్సూ రైలూ మారి వచ్చేవాళ్లు. ట్రూపుకి పేరు లేదు. హాలు బుక్ చేయడానికి పేరు కావాలంటే "టైలరు షాపువాళ్లు అని రాయి" అన్నారు. చివరిదాకా పోస్టర్ల మీద అదే పేరు.

మొదటిసారి నేను వెళ్లింది ప్యాంటు పొట్టి చేయించుకోవడానికే. వన్-నార్త్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొత్త ప్యాంటు, మర్నాడు మీటింగు. షట్టరు వెనక ఎవరో తెలుగులో "చెయ్యి తీయకుంటే ఇరగ్గొడ్త" అని అరుస్తున్నారు. గొడవనుకుని దూరాను. తీరా చూస్తే రిహార్సలు. అరుస్తున్నది లింగన్న, జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డరు. ఇరవై నిమిషాలు నిలబడి చూసి, ఎవరూ అడక్కపోయినా అతనికి సలహాలు ఇచ్చాను. కాలేజీ నాటకాల్లో నాకు ప్రైజులు వచ్చాయని కూడా చెప్పాను.

"ప్రైజ్ వచ్చిందా?" అన్నారు ఆంటీ, పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే. "అయితే నేర్చిందంతా మరవడానికి ఆర్నెల్లు పట్టుద్ది. చుమ్మా నిలబడకు అబ్బాయ్, ఆ మిషను అటు నెట్టు."

అలా నేను ట్రూపులో చేరాను.

ఒక నాటకంలో ఒకావిడ గంటసేపు చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, కనబడని మొగుడికి జవాబులు చెబుతుంది. ఆఖరున ఇస్త్రీపెట్టె ఒక చొక్కా మీద వదిలేసి వెళ్లిపోతుంది. హాలంతా కాలిన గుడ్డ వాసన. ఇంకో నాటకానికి ఆంటీ కుర్చీలన్నీ తీయించేశారు. నటులు మూడంతస్తుల మంచాల మీద పడుకుని మాట్లాడతారు, చూసేవాళ్లు నిలబడాలి. మన పెద్దమనుషులు అడిగింది, "పాటలు లేవా? కామెడీ లేదా? ఫ్యామిలీతో వచ్చాం" అని. ఒకాయన కుర్చీ వేయలేదని సంఘానికి ఫిర్యాదు కూడా రాశాడు. అదే మనిషి సినిమా హీరో వచ్చిన రోజు సెల్ఫీ కోసం మూడు గంటలు నిలబడ్డాడు. నాకెలా తెలుసంటే ఆ వరసలో అతని వెనక ఉన్నది నేను.

ఎవరెక్కడ నిలబడాలో ఆంటీ నేలమీద టైలరు సుద్దతో ఇంటూ గుర్తులు వేసేవారు. డైలాగు సాగదీస్తే "ఊడదీయి" అనేవారు, కుట్టు గురించి చెప్పినట్టే. బాగా వస్తే "చుకుప్" అనేవారు. మలయ్‌లో చాలు అని. అంతకుమించిన మెచ్చుకోలు ఆవిడ నోట మేమెవరం వినలేదు. చప్పట్లంటే ఆవిడకు గిట్టదు. "కొట్టేవాళ్ల చేతులు చూడకు, కాళ్లు చూడు. లేచిపోడానికి ఎప్పుడో తయారయిపోయుంటాయి" అనేవారు.

మూడేళ్ల కిందట ఆవిడ డార్మిటరీలో ఒక రోజు గురించి నాలుగు సీన్ల నాటకం రాశారు. మూడో సీను లింగన్నకు నిజంగా జరిగింది. ఒక పండగనాడు పెద్దమనుషులు కొందరు డార్మిటరీకి వచ్చి మిఠాయి డబ్బాలు పంచారు. ఫొటోలో డబ్బా మీది పేరు కనబడలేదని, పంచిన డబ్బాలు వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఎవరో కళ్లు మూశారని ఇంకోసారి. ఆ హడావుడిలో టైమైపోయి బస్సెక్కేశారు. డబ్బాల్లో సగం వాళ్లతోపాటే వెళ్లిపోయాయి. సీనులో ఎవరూ ఏడవరు. లింగన్న ఆ సంగతి చెబుతుంటే ఆంటీ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, అలాగే కుట్టాల్సిన బట్ట వెనక రాసేసుకున్నారు.

ఇక్కడ నాటకం ఆడాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. స్క్రిప్టు ఇంగ్లీషులోకి మార్చి ఆ ఆఫీసుకి పంపే పని నాది. నేను మూడో సీను పంపలేదు. ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదని ఆంటీతో చెప్పాను. పచ్చి అబద్ధం. ఆ వారమే సంఘం ఎన్నికలు. డబ్బాలు పంచినవాళ్లలో మా అధ్యక్షులవారు ఉన్నారు, నాకు కార్యదర్శి పదవి ఇస్తానని ఆయన మాటిచ్చి ఉన్నారు. భయపడ్డానంటే కాస్త గౌరవంగా ఉంటుంది కానీ, అది కక్కుర్తి. ఆ పదవితో దక్కేది మెళ్లో ఒక బ్యాడ్జీ, ఉగాదినాడు మైకు పట్టుకుని "ఇప్పుడు మన చిన్నారులు" అనే అవకాశం. దానికోసం ఒక మనిషికి జరిగిన అవమానాన్ని ఆరు పేజీలుగా మడిచి నా లాప్‌టాప్ బ్యాగులో పెట్టుకున్నాను.

ఆవిడ కనిపెడతారేమోనన్న బెంగ కూడా నాకు లేదు. మెళ్లో టేపు, నోట్లో సూదులు, ఆ కలగాపులగం తెలుగు. ఈవిడ ఏ ఆఫీసుకి ఫోన్ చేసి ఇంగ్లీషులో ఏం అడుగుతుందిలే అనుకున్నాను. ఇక్కడే పుట్టి ఇక్కడి బళ్లో ఇంగ్లీషులోనే చదువుకున్న మనిషి గురించి నా అంచనా అది. ఇంత తెలివితక్కువతనం నాలాంటి రెండు డిగ్రీలవాడికే సాధ్యం.

ఆంటీ నా మొహంలోకి కాసేపు చూశారు. "ఒప్పుకోలేదా? సరి" అన్నారు. లింగన్న గుడ్డపీలిక తీసుకుని ఆ సీను సుద్ద గుర్తులు తుడిచేశాడు. నాటకం మూడు సీన్లతోనే ఆడింది. నాకు పదవి వచ్చింది.

తర్వాతి నాటకంలో ఆంటీ నాకు వేషం ఇవ్వలేదు. "నువ్వు ప్రాంప్టరు" అన్నారు.

"ఎందుకాంటీ?"

"భయమున్నవాడు మంచి ప్రాంప్టరు అవుతాడు. తప్పు ఎక్కడ పడుద్దో వాడికి ముందే కనబడుద్ది."

పొగడ్త అనుకుని ఇంటికెళ్లి మా ఆవిడతో కూడా చెప్పుకున్నాను. నాకో కుర్చీ వేశారు, షాపు మధ్యకు కాస్త ఎడంగా. ప్రాంప్టరు మూలన కదా ఉండాలి అన్నాను. "అక్కడే కూర్చో, జరపకు" అన్నారు. నటులు నన్ను తప్పుకుంటూ అటూ ఇటూ నడిచేవాళ్లు. నన్ను మూడింటికి రమ్మన్నారు, మూడింటికే వెళ్లేవాణ్ణి. నేను షట్టరు కింద దూరేసరికే అందరూ చెమటతో తడిసి ఉండేవాళ్లు. ఫ్యాను సరిగా తిరగడం లేదేమో అనుకునేవాణ్ణి. ఆంటీ గ్లాసులో టీ పోసి ఇస్తూ, "ఏమైనా చెప్పాలా అబ్బాయ్?" అని అడిగేవారు. ఏం లేదాంటీ అనేవాణ్ణి. నేను టీ తాగేదాకా ఆగి, "సరి, మొదలెట్టండి" అనేవారు. మూడేళ్లు ఇలాగే జరిగింది.

సంస్మరణ సభ ఆదివారం పొద్దున పెట్టాం. ఏర్పాట్లన్నీ నావే. ఫ్లెక్సీ మీద ఆంటీ ఫొటో అరచేయంత, అధ్యక్షులవారిది దానికి రెట్టింపు. డిజైను చూసి సరేనన్నదీ నేనే. ఏడుగురు మాట్లాడారు. ఒకాయన ఆవిడ నృత్యసేవను కొనియాడారు. ఇంకొకరు ఆవిడ హాస్యనాటికలు తలచుకుని ఇప్పటికీ నవ్వుకుంటామన్నారు. ఆంటీ తనకు సొంత అక్కలాంటిదని అధ్యక్షులవారు గొంతు వణికించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాళ్లు చూశాను. అన్నీ బిర్యానీ పెట్టిన బల్లవైపు తిరిగి ఉన్నాయి.

చివర్లో "కార్మిక సోదరుల తరఫున" అని లింగన్నను వేదిక మీదికి పిలిచి జ్ఞాపిక ఇచ్చారు. ఫొటోలు తీసే అతను "సార్, ఇంకొక్కసారి, ఇటు చూసి" అన్నాడు. అధ్యక్షులవారు జ్ఞాపిక వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. లింగన్న దాన్ని రెండు చేతులా అందుకుని, ఆయనకే తిరిగి అందించాడు.

"మల్లొక్కసారి ఇయ్యుండ్రి సార్. డబ్బ మీద పేరు కనవడలే."

అది మూడో సీను మొదటి మాట. వెనక వరసలోంచి రెండో మాట వినిపించింది: "నేను కండ్లు మూసిన సార్, నాకు గూడ." ట్రూపులో మిగిలిన ఐదుగురూ లేచి, వరసగా నడిచి వచ్చి, ఖాళీ చేతులు చాచి నిలబడ్డారు. అధ్యక్షులవారికి అర్థం కాలేదు. కెమెరా చూసి నవ్వుతూ మళ్లీ ఇచ్చారు, తీసుకున్నారు, పక్కవాడికి ఇచ్చారు. మూడోవాడి దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలు సగం నవ్వింది. ఆ సీను నాకు కంఠతా వచ్చనుకున్నాను. కానీ అందులో నేనెన్నడూ వినని మాటలు ఉన్నాయి. నా బ్యాగులో ఉన్న ఆరు పేజీలకంటే అది పెద్దది, చాలా పదునైంది. ఎవరూ ఒక్క మాట తడబడలేదు.

సభ అయ్యాక మెట్ల దగ్గర లింగన్నను పట్టుకున్నాను. ఇది ఎప్పుడు చేశారని అడిగాను.

"మీరు మూడింటికి అస్తరు గద సార్. మేం రెండింటికే అచ్చేటోళ్లం. ప్రతి ఆదివారం."

"ఆంటీకి తెలుసా, నేను..."

"మీరు చెప్పిన తెల్లారే ఆఫీసుకు ఫోన్ జేసిన్రు. గా సీను మాకు రానే లేదన్నరట."

"మరి ఆవిడే పంపించొచ్చు కదా?"

"మేం గూడ గదే అడిగినం. వాడే చెప్పాలె అన్నరు. వాడు నోరు తెరిసిన దినం సీను తయారుండాలె, ఒక్క వారం గూడ ఆలస్యం గావద్దన్నరు. గందుకే ఇడ్వకుంట జేసినం."

"నీకు నా మీద కోపం రాలేదా?"

"అచ్చింది సార్. మూడేండ్లు జేసేసరికి అదంత సీన్ల వడ్డది" అన్నాడు లింగన్న, మామూలుగానే.

ఆవిడ టీ గ్లాసు ఇచ్చి అడిగిన ఆ ప్రశ్న ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. వారం వారం అడిగారు. నన్ను వెళ్లగొట్టలేదు, నలుగురిలో నిలదీయలేదు, నేను మనిషినవుతానని టీ పోసి ఎదురుచూశారు. ఆవిడ వినడానికి కూర్చున్న ఆదివారాలన్నీ నేను ఏం లేదాంటీ అంటూ గడిపాను. సిగ్గుగా ఉంది. ఇంతకంటే మంచి మాట వెతకదలచుకోలేదు. మర్నాడు రాజీనామా గ్రూపులో పెట్టాను. దానికీ చేతులు జోడించారు. స్క్రిప్టు నాలుగు సీన్లతో ఆఫీసుకి పంపాను.

మొన్న ఆదివారం రెండింటికి షాపుకి వెళ్లాను. నెలాఖరుదాకా షాపు అద్దె కట్టి ఉంది, అప్పటిదాకా తాళం లింగన్న దగ్గరే ఉంటుంది. షట్టరు సగమే ఎత్తి ఉంది, వంగి దూరాను. నా కుర్చీ దాని చోటే ఉంది. కూర్చోబోతుంటే లింగన్న "ఆగుండ్రి" అని దాన్ని పక్కకు తీశాడు. కింద సుద్దతో వేసిన ఇంటూ గుర్తు. వారం వారం గీసి గీసి అక్కడ గచ్చే తెల్లబడిపోయింది.

"గిది డబ్బలిచ్చే పెద్దమనిషి జాగ సార్. ఆ ఏషం ఆంటీనే ఏసేది. మీరచ్చే ముంగట దీని మీద మీ కుర్చీ ఏసేది."

ఆరుగురూ వరసగా నిలబడ్డారు. లింగన్న ఒక పాత మిఠాయి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూత మీద ఆంటీ సుద్ద వేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. నేను ఆ తెల్లటి గుర్తు మీద నిలబడి, డబ్బా చాచాను. లింగన్న రెండు చేతులా అందుకుని, నాకే తిరిగి ఇచ్చాడు.

"మల్లొక్కసారి ఇయ్యుండ్రి సార్."