మా ప్రాంతానికి రాని నాలుగు నిమిషాలు

వేడెక్కిన దుమ్ముకి ఒక వాసన ఉంటుంది. గంటసేపు వీడియో గేమ్ ఆడాక ఆట పెట్టె వెనక జాలీలోంచి వచ్చే గాలిలో, కొంచెం కాలిన ప్లాస్టిక్కూ కొంచెం పాత కంబళీ కలిసినట్టుండే వాసన అది. మొన్న ఆదివారం సాయంత్రం ముక్కుకి తగిలేసరికి తొమ్మిదేళ్ల వయసు గుర్తొచ్చి గొంతు పూడుకుపోతుందనుకున్నాను. పూడుకుపోలేదు, తుమ్మొచ్చింది. తుమ్మి కళ్లు తెరిచేసరికి టీవీ మీద ఒక వాక్యం ఉంది: ‘ఈ దృశ్యం మీ ప్రాంతంలో అందుబాటులో లేదు.’ చిన్నప్పుడు సీతాఫల్‌మండిలో మేం ఆడిన ఆటకే కొత్త రంగులద్ది మళ్లీ అమ్ముతుంటే కొనుక్కున్నాను. ఇన్నేళ్లలో ఆకుల మీద మంచు బిందువులు కూడా వచ్చాయి గానీ, మా ప్రాంతం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అప్పట్లో మాది మేడ మీద పక్కపక్కనే రెండు పోర్షన్లున్న ఇల్లు. ఒకదాంట్లో మేం, రెండోదాంట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన సారు కుటుంబం, రెండింటికీ కలిపి ఒకటే వరండా, ఒకటే బట్టల తీగ, అందుకని ఏ చొక్కా ఎవరిదో తేల్చుకోవడానికే సగం పొద్దు పోయేది. సారు బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు సామీ నా ఈడువాడే, నాకంటే రెండంగుళాలు పొడుగు, ఆ రెండంగుళాల సంగతి రోజూ గుర్తుచేసేవాడు. ఆషాఢంలో మా అమ్మ బోనం కుండకి పసుపు రాస్తుంటే సామీ వాళ్లమ్మ సునీత ఆంటీ వేపమండలు తుంచి అందించేది. డిసెంబరు వచ్చిందంటే వాళ్ల పొయ్యి మీద నూనె కాగేది, ఆంటీ ఇనప అచ్చుని పిండిలో ముంచి నూనెలో మెల్లగా ఆడిస్తే గులాబీ పువ్వులు ఒక్కొక్కటే అచ్చు వదిలి తేలేవి, ఆ కొబ్బరిపాల వాసనకీ యాలకుల వాసనకీ మేమిద్దరం హోంవర్కు పడేసి గడప దగ్గర కూచునేవాళ్లం. విరిగిన పువ్వులు మావి, విరగనివి చుట్టాలవి. ప్రతి వాయిలో ఆంటీ కావాలనే రెండు విరిచేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఆ ఏడు ఎండాకాలంలో మా మామ దుబాయ్ నుంచి ఆట పెట్టె తెచ్చాడు. లోపల ఏదో చిప్పు మార్పించాడు, దాంతో అది ఏ దేశపు డిస్కునైనా పెట్టీపెట్టగానే మింగేది. ప్రపంచం ఎంత పెద్దదో మాకు భూగోళం పుస్తకం చెప్పలేదు, ఆ డిస్కులు చెప్పాయి. దుబాయ్ డిస్కులో సారా దుకాణం మీద జ్యూస్ షాపు అని బోర్డుండేది, అందులోంచి గడ్డాల మనుషులు తూలుకుంటూ బయటికొచ్చేవాళ్లు. ఏ పళ్లు పిండేవాళ్లో మరి. మామ స్నేహితుడు జర్మనీ నుంచి తెచ్చిన దాంట్లో కత్తి దిగితే రక్తం ఆకుపచ్చగా కారేది, గోంగూర రుబ్బిన రోలు ఒలికిపోయినట్టు. ఇంకో డిస్కులో శ్మశానంలో సమాధులు ఉండేవి గానీ వాటి మీద సిలువలుండేవి కావు. ‘‘మరి మావాళ్లని ఎక్కడ పెడతారంటా?’’ అని సామీ బెంగపడ్డాడు.

ఇన్ని దేశాలు కోసి పంపాక మిగిలింది కోయడానికి మా నాయనమ్మ ఉండేది. మంచం మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, భుజాన ఎర్రగళ్ల తువ్వాలుతో, ఒక కన్ను కాయల మీద, ఒక కన్ను టీవీ మీద. తెర మీద రక్తం చుక్కో, చేతుల్లేని జాకెట్టో కనబడితే చాలు, తువ్వాలు వచ్చి టీవీ మీద పడేది.

‘‘తియ్యె నాయనమ్మా, నేను సచ్చిపోతున్న ఆడ!’’

‘‘జెర ఆగు. అది నువ్వు సూసేది గాదు.’’

సంగీతం మెత్తబడ్డాక తనే తీసేది. అప్పటికి నేను నిజంగానే చచ్చిపోయి ఉండేవాణ్ణి.

సామీకి మాత్రం ఒక్క ఆటే కావాలి. దాన్ని కొండాట అనేవాళ్లం. ఒక పల్లెలో ఒక పిల్లాడు, మంచం పట్టిన వాళ్లమ్మ. కొండ శిఖరం మీద పూసే నీలం పువ్వు తెస్తే అమ్మకి నయమవుతుందని వాడు బయల్దేరతాడు. దుబాయ్ డిస్కులో వాడు పువ్వు పట్టుకుని తలుపు తీయగానే తెర ఒక్కసారి నల్లబడి, మళ్లీ వెలుగొచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంటుంది, కిటికీ తెరిచి ఉంటుంది, కింద ఇంగ్లీషులో ‘అమ్మ ప్రయాణమై వెళ్లింది’ అని వస్తుంది. ఆ వెంటనే వసంతకాలం, ఆట మొదటికి.

అక్కడ ఏదో కత్తిరించారని మాకు తెలియదు. సామీ వేరేగా అర్థం చేసుకున్నాడు: ‘‘మనం లేటుగా వచ్చాంరా చింటూ. ఆవిడ చూసీచూసీ వెళ్లిపోయింది. తొందరగా వస్తే ఇంట్లోనే ఉంటది.’’ ఇక ఆ వానాకాలమంతా, కిటికీ రేకు మీద చినుకులు పడుతుంటే, లెక్కల నోటు పుస్తకం వెనక కొండదారులు గీసుకుంటూ, ఏ బండ మీంచి దూకితే ఎంత కలిసొస్తుందో కొలుచుకుంటూ ఆడాడు. లెక్కల్లో ఇంత శ్రద్ధ పెట్టుంటే సారు కొబ్బరికాయ కొట్టేవారు, ఆయనకి ఆ అలవాటు లేకపోయినా.

దసరా సెలవుల్లో సునీత ఆంటీ ఊరికెళ్లింది. అంటే, సామీకి అలా చెప్పారు. మా మేడ మీద చెడ్డ కబుర్లకి ఒక కట్టుబాటు ఉండేది: పిల్లల దగ్గర జబ్బు పేరెత్తకూడదు, చావు మాట అనకూడదు, అందరూ ఊరికే పోవాలి. మా తాత ఊరికి పోయి అప్పటికి నాలుగేళ్లు, ఏడాదికోసారి ఆయన ఫోటోకి కొత్త దండ. కాబట్టి ఆ ఊరు ఎక్కడుందో నాకు తెలుసు. సామీకి తెలియదు. సారు సాయంత్రాలు క్యారియరు పట్టుకుని ఆస్పత్రికి వెళ్తుంటే, ‘‘డాడీ ట్యూషన్‌కెళ్తన్నాడు’’ అనేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మామ స్నేహితుడు ఇంకో దేశం నుంచి అదే కొండాట తెచ్చాడు. ఇందులో ఏదీ కోయలేదట. సామీ మా పోర్షన్‌లోకి రాకముందే ఆత్రం ఆపుకోలేక, మామ ముందే ఆడి సేవ్ చేసిపెట్టిన చోటునుంచి చివరి భాగం ఒక్కణ్ణే పెట్టుకుని చూశాను. పిల్లాడు తలుపు తీశాడు. మంచం మీద అమ్మ ఉంది. దగ్గింది. చేతిరుమాలు ఎర్రబడింది. తువ్వాలు పడింది.

నాయనమ్మ ఈసారి ఎంతకీ తీయలేదు. తువ్వాలు కింద నుంచి సంగీతం వస్తూనే ఉంది. తీసేసరికి నేలమీద పిల్లాడు మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాడు, మంచం మీద ముఖం కూడా కనబడకుండా దుప్పటి కప్పి ఉంది.

అప్పుడు నేను చేసిన పని ఏంటంటే, కంపాస్ బాక్స్ తెరిచి, వృత్తలేఖిని మొనతో ఆ డిస్కుని గీసేశాను. బుద్ధిమంతుణ్ణి కాబట్టి స్కేలు పెట్టి గీశాను. సామీ వస్తే, తెస్తుంటే దారిలో గీసుకుపోయిందని చెప్పాను.

‘‘పోన్లేరా, మన పాత డిస్కే ఆడదాం. అందులో తొందరగా వస్తే అమ్మ ఇంట్లోనే ఉంటది కదా’’ అన్నాడు.

నవంబరులో ఒక పొద్దున సారు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని మా గడప దగ్గరికొచ్చి అమ్మతో ఏదో అన్నారు. అమ్మ లోపలికొచ్చి, ‘‘సామీ బిడ్డా, ఇయ్యాల బడి వద్దుగని, ఇద్దరు ఈడ్నే ఆడుకోండ్రి’’ అంది. ఏనాడూ టీవీ కట్టెయ్యమని తప్ప మాట్లాడని అమ్మ, తన చేత్తో స్విచ్ వేసింది. సామీకి పండగ.

ఆ రోజు వాడు ఆడినట్టు ఎవరూ ఆడి ఉండరు. ‘‘మేకల దారిన పోతే వంతెనే అక్కర్లేదురా!’’ అని అరుస్తూ, మధ్యలో అమ్మ పెట్టిన ఉప్మా ముట్టకుండా, ఎప్పుడూ దూకనంత ఎత్తునుంచి దూకి, పువ్వు తెంపి, ఇంటికి పరిగెత్తాడు. తెర నల్లబడింది. దుప్పటి మడతపెట్టి ఉంది.

నా వైపు తిరిగి, ‘‘ఇంకా లేటేనంటావా?’’ అన్నాడు.

‘‘జెరంత లేటైంది. మళ్ల ఆడు’’ అన్నాను.

మళ్లీ ఆడాడు. మూడోసారి కొండ సగంలో ఉండగా సారు వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వాడి పక్కన నేలమీద కూచున్నారు. ‘‘మమ్మీ ప్రభువు దగ్గరికెళ్లిపోయిందిరా నాన్నా. పొద్దుట్నుంచీ నిన్నే అడిగింది.’’

సామీ ఏడవలేదు. తప్పు వినబడినట్టు చూశాడు. ‘‘నాకు చెప్పకుండా ఎట్టా వెళ్లుద్ది డాడీ? నేనిక్కడే ఉన్నాగా?’’

నాయనమ్మ మంచం మీంచి లేచి టీవీ మీద తువ్వాలు కప్పింది. తెర మీద కొండ తప్ప ఏమీ లేదు.

ఆ డిసెంబరులో పక్క పోర్షన్‌లో నూనె కాగలేదు. సంక్రాంతి లోపే సారు బదిలీ పెట్టుకుని సామాను కట్టారు. వెళ్లేముందు సామీ ఆ గీసిన డిస్కు పైకెత్తి, ఎండకి అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘దారిలో గీసుకుపోయిందన్నావు. స్కేలు పెట్టి గీసుకుపోయిందా?’’ అన్నాడు. నేను నవ్వబోయాను. వాడు నవ్వలేదు. ‘‘ఇందులో ఏముందిరా?’’

‘‘ఏం లేదు. అదే. సేమ్.’’

ఆదివారం ఆ వాక్యం చూశాక, నేనేదో ప్రతిజ్ఞ పూనినవాడిలా ఫోన్‌లో వెతికాను. పెద్ద గాలింపేమీ అవసరం కాలేదు, ఇలాంటివాటికోసం పనీపాటా లేని దయగల మనుషులు రెండు డిస్కుల్నీ పక్కపక్కన పెట్టి వీడియోలు చేస్తుంటారు. తెర రెండు సగాలు: ఎడమ సగం మాది, కుడి సగం ఏదీ కోయని దేశానిది. కుడివైపు అమ్మ దగ్గింది, రుమాలు ఎర్రబడింది, ఈసారి తువ్వాలు పడలేదు. ఆవిడ రుమాలు మడిచి దిండు కింద పెట్టి, ‘కొండ మీద ఏం చూశావు?’ అని అడిగింది. మీట నొక్కితే పిల్లాడు ఒక సంగతి చెబుతాడు. మేకలు చూశానంటాడు, మబ్బులో తడిశానంటాడు, బండ మీంచి జారిపడ్డానంటాడు, ఆవిడ నవ్వుతుంది. నొక్కినంతసేపూ చెబుతాడు, చెప్పినంతసేపూ ఆవిడ వింటుంది. తొందరేమీ లేదు. ఆ వీడియో చేసినతను నాలుగు నిమిషాలు నొక్కి, ఆపేశాడు. అప్పుడు ఆవిడ కళ్లు మూసుకుంది. ఆ నాలుగు నిమిషాలూ ఎడమ సగంలో ఖాళీ మంచం, మడతపెట్టిన దుప్పటి, కదలకుండా.

ఎంత త్వరగా వచ్చినా, ఎంత నిదానంగా వచ్చినా, కుడివైపు ఆవిడ ఇంట్లోనే ఉంటుందట.

ఆ మేడ ఇప్పుడు లేదు, ఆ స్థలంలో నాలుగంతస్తులు లేచాయి, కింద మొబైల్ కవర్ల దుకాణం. వరండా లేదు, బట్టల తీగ లేదు. నాయనమ్మ ఊరికి పోయి ఎనిమిదేళ్లు. సారు వాళ్లు మేకుకి తగిలించి మరిచిపోయిన గులాబీ పువ్వుల అచ్చు అమ్మ దగ్గరుంది, ఏటా డిసెంబరులో తుప్పు తుడిచి నూనె రాసి మళ్లీ పైన పెట్టేస్తుంది, ఒక్కసారీ పొయ్యి దాకా తీసుకురాలేదు.

సామీ నంబరు నా దగ్గరుంది. ఏటా క్రిస్మస్‌కి ఒక కొవ్వొత్తి బొమ్మ పంపుతాడు, నేను దండం బొమ్మ పంపుతాను. ఆ వీడియో లింకు అతికించి, పైన ఏం రాయాలో తెలియక చెరిపేశాను. దాని బదులు ‘ఎలా ఉన్నావురా’ అని పంపాను.

కాసేపటికి ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది.