దవడ నొప్పి అనుకున్నది

గల్ఫ్‌లోని ఫింటాస్‌లో నేను వంట చేసే ఇంట్లో ఆ ఉదయం చేపలు కడుగుతుంటే ఎడమ దవడ కింద లాగినట్టు నొప్పి వచ్చింది. వారం రోజులుగా అది వస్తూ పోతూనే ఉంది. పిప్పి పన్ను అనుకుని లవంగం పెట్టుకుంటున్నాను. ఈసారి మాత్రం వీపులోకి పాకింది. చెమటకు బట్టలు తడిసిపోయాయి. గుండె నొప్పంటే ఛాతీలోనే వస్తుందని నా నమ్మకం. గ్యాస్ అనుకుని, వాము నమిలి నేల మీద కూర్చున్నాను.

ఇంటి యజమానురాలిని మామా అంటాను, ఇక్కడి మాటలో అమ్మ అని. డెబ్బై దాటిన మనిషి. కొన్ని నెలల క్రితం ఆవిడకు గుండెలో స్టెంట్ వేశారు. వంటింట్లోకి వచ్చి నా మొహం చూసి, నొప్పి ఎక్కడని అడిగింది. చూపించాను. తనకూ అలాగే మొదలైందని చెప్పి డ్రైవర్ని కేకేసింది. చేపల పని సగంలో ఉందన్నాను.

"చేపలు వదిలెయ్, యల్లా, పద పద" అంది.

ఆసుపత్రిలో ఈసీజీ తీయగానే నా చుట్టూ మనుషులు చేరారు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పినదాంట్లో సగం అర్థం కాలేదు. నా యాస పట్టి ఒక నర్సు తెలుగులో పలకరించింది. కాకినాడ వైపు అమ్మాయి.

"గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టం ఒకటి మూసుకుపోయిందండి ఆంటీ. ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండ పాడైపోద్ది. ఛాతీ కొయ్యరండి. మణికట్టు దగ్గర చిన్న కన్నం పెట్టి, సన్నటి గొట్టం గుండె దాకా పంపుతారు."

బతుకుతానా అని నేను అడగలేదు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చిన అనుమతి, రద్దు చేసి ఊరికి పంపేస్తారా అని అడిగాను. అది తర్వాత చూసుకోవచ్చంటూ ఆ అమ్మాయి కాగితం ముందుకు జరిపింది. సంతకం పెట్టాను.

పూర్తి మత్తు ఇవ్వలేదు. మణికట్టు ఒక్కటే మొద్దుబారింది. రంగు మందు ఎక్కిస్తే తెర మీద నా గుండె గొట్టాలు నల్లటి కొమ్మల్లా కనిపించాయి. ఒక కొమ్మ మధ్యలోనే ఆగిపోయింది. అది నా ఒంట్లోదని అనిపించలేదు. సన్నటి తీగ ఆ అడ్డు దాటింది. దాని మీదుగా చిన్న బుడగను పంపి ఉబ్బించారు. అప్పుడు కాసేపు నొప్పి పెరుగుతుందని నర్సు ముందే చెప్పింది. పెరిగింది. తర్వాత మరో బుడగ మీద బిగించిన లోహపు జాలీ వెళ్లింది. బుడగ ఉబ్బగానే జాలీ విచ్చుకుని గొట్టం గోడలకు ఆనుకుంది. బుడగను వెనక్కి లాగేశారు, జాలీ ఉండిపోయింది. అదే స్టెంట్. ఆగిపోయిన కొమ్మలోకి రంగు మందు పారి చివరిదాకా నల్లబడింది.

నొప్పి ఇంకా ఉందా అని నర్సు అడిగింది.

"లేదమ్మా. పన్ను కూడా నెప్పెట్టట్లేదు" అన్నాను. ఆ నొప్పి పంటిది కాదని అప్పుడుగానీ నాకు తట్టలేదు.

పంపించేటప్పుడు డాక్టరు ఆ అమ్మాయి చేతే చెప్పించాడు. స్టెంట్ అడ్డును తీసింది తప్ప రోగాన్ని తీసెయ్యలేదట. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు ఇచ్చారు. తమను అడక్కుండా మానితే జాలీలోనే గడ్డ కట్టి ప్రాణం మీదకు రావచ్చన్నారు.

అది విన్నాక నాకు మామా గుర్తొచ్చింది. చేతుల మీద కమిలిన మచ్చలు వస్తున్నాయని ఆవిడ రెండు మాత్రల్లో ఒకటి టీ కప్పు కింద దాచేసేది. చాలాసార్లు చూశాను. చెప్పడం నా పని కాదనుకున్నాను. ఇంటికి వచ్చిన మర్నాడు చెప్పాను.

"మామా, ఆ మాత్ర మానకూడదు. డాక్టర్ని అడగండి."

ఆవిడకు కోపం వచ్చింది. రెండు రోజుల తర్వాత కూతుర్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఆ మాత్ర తీసేసి వేరేది రాశారని, మానినందుకు చీవాట్లు పెట్టారని ఆవిడే వచ్చి చెప్పింది.

నన్ను ఊరికి పంపలేదు. ఇల్లు తుడవడానికి ఇంకొకామెను పెట్టారు. నా చోటు పోతుందేమోనని నెలరోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను. అలా ఏమీ జరగలేదు. మూడు నెలలకు తీసిన స్కాన్‌లో గుండె కండ కాస్త బలహీనంగా ఉందన్నారు. నొప్పి మొదలైనప్పుడే వచ్చి ఉంటే ఆ నష్టం తప్పేదేమోనట. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రోజూ సముద్రం పక్కన అరగంట నడుస్తున్నాను.