కాంపౌండరు గారి కల్వం

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే క్లినిక్కులో కాంపౌండరుగా చేశాడు కాబట్టి అందరికీ కాంపౌండరు గారే. డాక్టరు గారు పోయి, క్లినిక్కు మూతపడి, ఆ గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నా ఆ పిలుపు మాత్రం పోలేదు. సూది పొడిచినా, కట్టు కట్టినా చేయి తేలికని చెప్పుకునేవారు. అయితే ఆయనకి అసలు పేరు తెచ్చింది ఆ రెండూ కావు, పొడి. మాత్ర మింగలేని పిల్లలు, ముసలివాళ్ళు ఎవరొచ్చినా తెల్ల పింగాణీ కల్వంలో మాత్ర వేసి, గుండ్రంగా నాలుగు తిప్పులు తిప్పి, కాగితం మీద పోసి, బ్లేడుతో సమానంగా భాగాలు చేసి పొట్లాలు కట్టేవాడు. ఏ పొట్లం విప్పినా రవ్వంత తేడా ఉండేది కాదు. చక్కెర కలిపి పిల్లల నోట్లో పోశాక, "ఏదీ, ఆ అను. నాలుక పైకెత్తు" అని నోరంతా వెతికి, మందు దిగిందని నమ్మకం కుదిరాకే వదిలేవాడు. ఆ విషయంలో ఆయన్ని మోసం చేయగల పిల్ల ఆ చుట్టుపక్కల పుట్టలేదు.

క్లినిక్కు మూసేసిన రోజున, కావలసినవి తీసుకుపొమ్మని డాక్టరు గారి భార్య అంటే, బీరువాలూ కుర్చీలూ వదిలేసి ఆ కల్వం ఒక్కటీ చంకన పెట్టుకుని వచ్చేశాడు. తర్వాత కూడా వీధిలోవాళ్ళు పిల్లల మాత్రలు పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు.

ఇంతటి మొనగాడికి దొరికిన భార్య మాత్ర మింగలేని మనిషి. చిన్నప్పుడెప్పుడో ఒక మాత్ర గొంతుకు అడ్డంపడి ఊపిరాడక గిలగిల్లాడిందట. అప్పట్నుంచి మాత్ర కనబడితే చాలు, గొంతు తలుపు వేసుకుంటుంది. పెళ్ళైన కొత్తలో ఆవిడకి జ్వరమొస్తే మూడు మాత్రలు చేతిలో పెట్టి పనికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి పక్క దులిపితే మూడూ దిండు కింద నుంచి రాలాయి.  వంటింట్లోకి వెళ్ళి, గ్లాసు అడుగుతో వాటిని నూరి, చెంచాడు తేనెలో రంగరించి తెచ్చాడు. తనకి మొగుడు నచ్చింది ఆ సాయంత్రమేనని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. మా ఆయన కాంపౌండరు, నాకేం భయమని చుట్టాల దగ్గర గొప్పలు పోయేది కూడా.

అలాంటి ఆవిడకి పెద్దపేగులో క్యాన్సరు వచ్చింది. ఆపరేషన్ చేశారు. తర్వాత నరంలోకి మందు ఎక్కించబోతే మూడోసారికే చేతుల్లో నరాలు దొరకడం మానేశాయి. ఛాతీ దగ్గర చర్మం కింద చిన్న డబ్బీ లాంటిది అమర్చి ఎక్కిద్దామంటే అది రెండుసార్లు చీము పట్టింది. ఇక మాత్రలే మంచిదన్నాడు పెద్ద డాక్టరు. పొద్దున రెండు, సాయంత్రం రెండు, అలా పద్నాలుగు రోజులు. ఏడు రోజులు విరామం. మళ్ళీ మొదలు. ఇంట్లోనే వేసుకోవచ్చు అనేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆస్పత్రి నర్సు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి అరగంట చెప్పింది. భోజనం అయిన అరగంటలోపు నీళ్ళతో మాత్రని మాత్రగానే మింగాలి. విరవకూడదు, నమలకూడదు, నూరకూడదు. ఇచ్చేవాళ్ళు చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. ఒక పూట మరిచిపోతే మరో పూట రెండింతలు వేసుకోకూడదు. వాంతిలో పోతే మళ్ళీ ఇవ్వకూడదు. జ్వరమొచ్చినా, నోరు పూసినా, విరేచనాలు పట్టుకున్నా, అరిచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి మండినా ఆ క్షణమే ఫోన్ చేయాలి. చెబుతున్నంతసేపూ కాంపౌండరు తల ఊపుతూనే ఉన్నాడు. బుర్రకెక్కి కాదు, పిల్ల బాగానే చెబుతోందని మార్కులు వేస్తూ. ఊరందరికీ మందులు ఎలా వేసుకోవాలో చెప్పినవాడికి మనవరాలి వయసు పిల్ల చెప్పడమేమిటని లోపల చిన్న గుర్రు కూడా ఉంది. నూరకూడదన్న మాట ఆయన చెవిన పడింది. కొన్ని మాత్రలకి పైన పూత ఉంటుంది, అందుకంటారులే, మనకి తెలియనిదా అనుకున్నాడు. సగం తెలిసినవాడి ధీమా అలాగే ఉంటుంది.

మొదటి రోజు పొద్దున ఆవిడ నిజంగానే ప్రయత్నించింది. మాత్ర నాలుక మీద పెట్టుకుని నీళ్ళు తాగితే నీళ్ళు దిగాయి, మాత్ర మిగిలింది. మళ్ళీ తాగింది, మళ్ళీ మిగిలింది. నాలుగోసారి దాన్ని అరచేతిలోకి ఉమ్మేసి ఏడ్చింది.

"నావల్ల కాదండీ" అంది.

ఆయన లేచి అటక మీద నుంచి కల్వం దించాడు.

తొమ్మిది రోజులు నూరాడు. పండ్ల జాములో కలిపి పెట్టాడు. కల్వాన్ని పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ వంటింటి కొక్కేనికి తగిలించాడు. ఆరో రోజున ఆవిడ నోరు పూసింది. ఎనిమిదో రోజుకి గోరువెచ్చటి పాలు కూడా మంటే. ఈ మందుకి అది మామూలేనని దూదికి గ్లిజరిన్ అద్ది పుళ్ళ మీద రాశాడు. నోరు పూస్తే ఆస్పత్రికి ఫోన్ చేయడం ఆయనకి నామోషీ. అది తన పని, తన చేతిలో పని.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నర్సే ఫోన్ చేసింది. ఆవిడ స్పీకర్లో పెట్టి మాట్లాడింది. మాత్రలు ఎలా మింగుతున్నారు పిన్నిగారూ అని అటువైపు నుంచి ప్రశ్న.

"మింగే బాధే లేదమ్మా. మీ బాబాయిగారు మెత్తగా నూరి ఇస్తున్నారుగా" అంది ఆవిడ గర్వంగా.

 అవతల నర్సు గొంతు నెమ్మదించింది. ఇంట్లో ఇంకెవరున్నారు, కడుపుతో ఉన్నవాళ్ళు గానీ చిన్నపిల్లలు గానీ ఉన్నారా అని అడిగింది. లేరన్నాడు కాంపౌండరు. అది మామూలు మందు కాదనీ, పెరిగే కణాలని చంపే మందనీ, నూరితే ఆ దుమ్ము గాల్లోకి లేచి పీల్చినవాళ్ళకీ ముట్టుకున్నవాళ్ళకీ చేటనీ చెప్పింది.

"ఆ కల్వంలో ఈ మధ్య ఇంకెవరికైనా మందు నూరారా బాబాయిగారూ?"

ఆయనకి పైప్రాణాలు పైనే పోయాయి. నాలుగో రోజున ఎదురింటి దర్జీ మనవరాలికి జ్వరమని దర్జీ భార్య మాత్ర పట్టుకొచ్చింది. ఆ వేళకి ఆయన పాల కోసం వీధి చివరికి వెళ్ళాడు. పాల బండి ఆలస్యం కావడంతో అక్కడే ఉండిపోయాడు. దర్జీ భార్య కాసేపు చూసి, వేరేచోట సిరప్పు కొనుక్కుని వెళ్ళిపోయింది. మూడేళ్ళ పిల్ల. దాన్ని కాపాడింది ఈయన జాగ్రత్త కాదు, పాల బండి.

"లేదు తల్లీ" అన్నాడు.

సాయంత్రం మాత్ర ఇవ్వొద్దనీ, మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రావాలనీ, చేతులకి తొడుగులు వేసుకుని కల్వాన్నీ గుడ్డనీ ఒక సంచిలో వేసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మూతి కట్టి తేవాలనీ చెప్పింది నర్సు. మీరు కావాలని చేయలేదని మాకు తెలుసు అని కూడా అంది. ఆయనకి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఆ మాటే.

ఆస్పత్రిలో రక్తం తీశారు. తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. నోరు చూసి డాక్టరు పెదవి విరిచాడు. ఇందులో మాత్ర చేసిందెంత, తన పొడి చేసిందెంత అని కాంపౌండరు అడిగాడు. అది ఎవరూ చెప్పలేరన్నాడు డాక్టరు. మాత్ర మింగినా నోరు పూయొచ్చు, పొడి నోట్లో అంటుకుని ఇంకా ముదిరి ఉండొచ్చు. తిడితే బాగుండేది. తిట్టలేదు. నోరూ రక్తమూ కోలుకునేదాకా రెండు వారాలు ఆపి మళ్ళీ మొదలుపెడదామన్నాడు. ఈసారి మాత్ర మాత్రగానే దిగాలి. దిగకపోతే మీరేమీ చేయకండి, మాకు చెప్పండి, ఇంకేదైనా ఆలోచిద్దామన్నాడు. ఇంకేదైనా అంటున్నప్పుడు ఆయన చూపు కాగితాల మీదికి దిగిపోయింది. ఆ ఇంకేదైనా పెద్దగా లేదని కాంపౌండరుకి తెలిసిపోయింది. డాక్టర్ల మొహాలు చదవడంలో మాత్రం ఆయన అనుభవం ఇంకా పనిచేస్తోంది.

బయటికొచ్చేటప్పుడు నర్సు సంచీ అందుకుని, మూతున్న పెద్ద డబ్బాలో పడేసింది. పింగాణీ అడుగుకు తగిలి ఠంగుమంది. ఆవిడ మొగుడి మొహం వైపు చూసి, చూపు తిప్పుకుంది.

మింగడం నేర్చుకోవడానికి నర్సు ఒక పద్ధతి చెప్పింది. ముందు ఆవగింజంత చక్కెర పూసలు, తర్వాత మిరియమంతవి, ఆ తర్వాత చిక్కుడు గింజంత మిఠాయి బిళ్ళలు. అరవై ఏళ్ళ మనిషి బల్ల ముందు బడిపిల్లలా కూర్చుని రోజుకు రెండు పూటలా సాధన చేసింది. ఆయన ఎదురుగా కూర్చునేవాడు. ఆవిడ నోట్లో నీళ్ళు పోసుకోగానే ఆయన గుటక వేసేవాడు. తెలియకుండానే గొంతుముడి పైకీ కిందకీ ఆడేది.

"మింగేది నేను, దిగేది మీకు" అని ఆవిడ పొలమారేదాకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. ఇన్నేళ్ళూ తాను చేసినదంతా పెదవుల దాకానే అని, ఆ అవతల ఆవిడ ఒక్కతే అని ఆయనకి ఆ బల్ల దగ్గరే తెలిసొచ్చింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్ళో పెట్టుకున్నాడు. పన్నెండో రోజున పెద్ద బిళ్ళ దిగింది. ఆవిడ చప్పట్లు కొట్టుకుంది. బిళ్ళ వేరు, ఆ మాత్ర వేరని ఆయనకి తెలుసు.

మళ్ళీ మొదలుపెట్టిన రోజు పొద్దున తొడుగులు వేసుకుని, రెండు మాత్రలూ డబ్బా మూతలోకి ఒంపి ముందు పెట్టాడు. మొదటిది దిగింది. రెండోది మూడు గుక్కలకి దిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఊపిరి వదిలారు. పదో నిమిషంలో ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచింది. మూడడుగులు కూడా వేయలేదు, తిన్నదంతా నేల మీదే పోయింది. అందులో ఒక మాత్ర, పూత కరిగి వెలిసిపోయి కనిపిస్తూనే ఉంది.

ఆయన చెయ్యి మాత్రల డబ్బా మీదికి పోయింది. మూత సగం తిప్పాక ఆగి, ఫోన్ తీశాడు. ఇవ్వకండి, అంది నర్సు. ఒంట్లో ఎంత ఉందో ఎంత పోయిందో తెలియదు, మళ్ళీ ఇస్తే ఎక్కువైపోతుంది. ఈ పూటకి వదిలేయండి, సాయంత్రం ఎప్పటిలాగే రెండు. నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోయే వాంతి మందు రాసి పంపిస్తాను, భోజనానికి ముందు అది వేయండి. అలాగే తల్లీ, అన్నాడు. తొడుగులు మార్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచాడు. కంటి ముందున్న ఆ మాత్రని తుడిచి సంచిలో వేస్తుంటే ఆవిడ గోడకి ఆనుకుని క్షమించండి అంది.  క్షమించమని అడగవలసింది తాను కదా అనుకున్నాడు ఆయన.

ఆ పగలంతా వాంతి మందు తెచ్చుకోవడం తప్ప ఆయనకి చేయడానికి ఏమీ లేదు.

సాయంత్రం ఆవిడ కొద్దిగా తిని, నీళ్ళు తెచ్చుకుని కూర్చుంది. ఆయన మూతలో మాత్రలు పెట్టి ఎదురు కుర్చీ లాక్కోబోయాడు.

"మీరు బయటికి వెళ్ళండి" అంది. "మీ మొహం చూస్తే నా గొంతు బిగుసుకుపోతోంది."

వెళ్ళాడు. తలుపు మూసి వరండాలో నిలబడ్డాడు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. మళ్ళీ తీసిన చప్పుడు. దగ్గు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తలుపు తోసి వెళ్ళాలని కాళ్ళు, వద్దని ఆవిడ మాట. చేతిలోకి చూసుకుంటే, డబ్బాలో వచ్చిన జాగ్రత్తల కాగితాన్ని తన వేళ్ళు ఎప్పుడో పొట్లం మడత పెట్టేశాయి. ఖాళీ పొట్లం, అంచులు సరిగ్గా కలిసి ఉన్నాయి. దాన్ని విప్పి సాపు చేశాడు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఆయన అడగకుండానే నోరు తెరిచి ఆ అంది. నాలుక పైకెత్తింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, గడప మీది వెలుతురులో చూశాడు. బుగ్గల లోపల, నాలుక అంచుల్లో మానిన పుళ్ళ చోట చర్మం ఇంకా లేత ఎరుపుగా ఉంది. మాత్ర ఎక్కడా లేదు.

"ఇంకా ఎన్నున్నాయండీ?" అంది ఆవిడ నోరు మూసుకుని.

ఆయనకి లెక్క తెలుసు. ఈ విడతకి ఎన్నో, ఆ తర్వాతి విడతలకి ఎన్నో అన్నీ తెలుసు.

"ఇవాళ్టికి అయిపోయాయి" అన్నాడు.

ఆవిడ వెళ్ళి మంచం మీద గొంతు పట్టుకుని కూర్చుంది. ఆయన వాంతి పట్టడానికి బేసిను తెచ్చి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుని, గోడ గడియారం వైపు చూశాడు. పొద్దున వాంతి వచ్చింది పదో నిమిషంలో. ఇప్పటికి నాలుగు నిమిషాలే అయింది.