ద్రహోమీరా పాటపెట్టె

చెక్ దేశపు ఓలోమోత్స్ నగరంలో పాత సాహసాల వీడియో గేములకు కొత్త రూపమిచ్చే చిన్న కంపెనీలో ద్రహోమీరాది సంగీతం పని. ఆమె బల్ల మీద ముప్పై ఏళ్ల నాటి నల్లటి పాటపెట్టె ఉండేది. ఆ కాలంలో ఏ స్వరం ఎప్పుడు కావాలో గేము చెబితే, పెట్టె అప్పటికప్పుడు వాయించేది.

కొత్త గేముకు ఆ పెట్టెను కలిపితే మొదటి పాటకే గొంతు పట్టేసింది. ఇప్పటి కంప్యూటరు ఊపిరి తీసుకోనివ్వకుండా ఆదేశాలు కుమ్మరిస్తోంది మరి. ద్రహోమీరా ఆదేశానికీ ఆదేశానికీ మధ్య కాస్త విరామం పెట్టింది. పెట్టె పాడింది. కానీ గేము మొదలవడం ఆలస్యమైంది.

కుర్ర యజమాని ఒతాకర్‌కి ఒళ్లు మండింది.

"పీకి పారెయ్యండి ద్రహోమీరా గారూ! రికార్డు చేసిన పాటలు పెడితే పోలా? ఈ డొక్కుపెట్టె ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

"హీరో తలుపు తియ్యగానే రికార్డు పాట తెగిపోద్ది నాయనా. ఇదైతే వాడితోపాటే మలుపు తిరుగుద్ది."

"దీనికోసం జనం కాచుక్కూర్చోవాలా?"

"పెట్టె లేనోళ్లకి ఆగే పనే లేదు. ఉన్నోళ్లు ఇన్నేళ్లు ఆగారు, ఇంకాసేపు ఆగలేరా?"

"అదంతా నాకు తెలీదు. రేపటికల్లా తీసెయ్యాల్సిందే."

ద్రహోమీరా గేము మొదలుపెట్టింది. పెట్టెకే ముందువైపున్న చిన్న తెర మీద ఆమె రాసిపెట్టిన అక్షరాలు వెలిగాయి: 'నన్ను పీకేదెవరో ముందుకు రమ్మను.'

ఒతాకర్ వంగి చూశాడు. "ఇంత చిన్న తెర మీద రాస్తే ఎవరు చదువుతారండీ?"

"నువ్వు చదివావుగా. ఇంక నోరు మూసుకుని విను."