తుక్కు ఇంజనుకు నేను కట్టిన వెల

మొన్న ఆమదాలవలస స్టేషన్లో విశాఖ బండి కోసం కూర్చుంటే, కరెంటు ఇంజను తగిలించుకున్న గూడ్సు ఒకటి పొగా రొదా లేకుండా నా ముందునుంచి జారిపోయింది. పక్కనున్నవాళ్లు ఫోన్లలోంచి తల కూడా ఎత్తలేదు గాని, నాకు మాత్రం పదేళ్ల కిందటి మా బావ ఇంజను గుర్తొచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. గరివిడి వైపు ఒక చిన్న కర్మాగారంలో, పేరెందుకులెండి, సైడింగులో వ్యాగన్లు అటూ ఇటూ నెట్టే పాత డీజిలింజనుకు డ్రైవరు. ఇంజనుకు పొడుగాటి ముక్కు, వెనకెక్కడో డ్రైవరు గది. ఆ ముక్కు అవతల ఏముందో బావకు కనిపించదు కనుక, వరసకు మాకు మావ అయ్యే సహాయకుడు రెండో కిటికీలోంచి తల బయటపెట్టి కేకలేస్తుంటే, ఆ కేకల్ని నమ్ముకుని నడిపేవాడు. పొద్దున్న స్టార్టు చేశాక డ్యూటీ దిగేదాకా ఆపేవారు కాదు. ఆపితే బ్యాటరీలు మళ్లీ లేపుతాయో లేదో చెప్పలేం. అన్నం క్యారేజీలు కూడా ఆ రొదలోనే ఖాళీ అయ్యేవి.

అలాంటి ఇంజనును తుక్కు కింద అమ్మేసి, పని కాంట్రాక్టుకు ఇచ్చేద్దామని పైవాళ్లకు బుద్ధి పుట్టింది. అమ్మితే బావకు ఉద్యోగం లేదు. యాభై దాటినవాణ్ని, ఆ ఒక్క బండి తప్ప మరోటి తెలియనివాణ్ని ఎవరు పెట్టుకుంటారు? మాది తాతలనాటి ఇనప సామాన్ల కొట్టు, తుక్కు కూడా కొంటాం గనుక వెల కట్టమని నాకే కబురొచ్చింది. వెల కట్టడానికి వెళ్లే ముందురోజు బావ కొట్టుకొచ్చి, బల్ల చివర కూర్చుని, "ఒరే, నీ నోట్లో ఉన్నాది నా కూడు. సూసి మాటాడు" అన్నాడు. మరీ తక్కువ వెల చెబుతాను, అంతకు అమ్మేకన్నా నడుపుకోవడమే మేలని వాళ్లే ఊరుకుంటారు, నిశ్చింతగా పడుకో అన్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

తక్కువ చెప్పాలంటే ముందు సరుకును తిట్టాలి కదా. ఊహ తెలిసినప్పటినుంచీ నేను చేస్తున్న పని అదే. మర్నాడు ఇంజను పక్కనే నిలబడి, కర్మాగారం మేనేజరుగారి ఎదుట చక్రాలు అరిగి పల్చబడ్డాయన్నాను, చట్రం తుప్పన్నాను, బ్రేకులు అనుమానమే అన్నాను. మావ ఇంజను పైనుంచి, "ఏటల్లుడూ, సంతలో పుచ్చొంకాయలు బేరమాడతన్నావేటి" అని దెప్పినా నా ఊపు తగ్గలేదు. మేనేజరుగారు ఒక్కొక్కటే రాసుకుంటుంటే నా మాట పారుతోందనుకున్నాను. అంతా విని ఆయన కాగితం మడిచి, ఇంత ప్రమాదమైన బండి మీదా ఇన్నాళ్లూ మనుషుల్ని ఎక్కించింది, ఈ పూటే ఆపించండి అన్నారు. వెల సంగతి అడగనే లేదు.

బావ ఇంజను ఆపాడు. మెట్లు దిగుతూ, "బాగా ఆడినావురా బేరం" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత చాలా నెలలు, కొట్టు ముందు ఎవరు ఆగినా అక్కేమోనని వెనక గదిలోకి తప్పుకునేవాణ్ని. బావ ఒక రైసుమిల్లు గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. ఇంజనును ఎవరో ముక్కలు చేసి లారీల్లో పట్టుకుపోయారు.

మన వయసువాళ్లకు తెలుసు, ఒకప్పుడు ఇంజను పేరెత్తితే దాన్ని నడిపే మనిషి పేరు కూడా వచ్చేది. ఇప్పుడు నడిపేదెవరో తెలియదు, తుక్కు వెలలు కూడా ఫోన్లోనే తేలిపోతున్నాయి. ఇది బాగానే ఉంది, ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి అనడం మా కొట్లో నాకెవరూ నేర్పలేదు. ఆలస్యంగానైనా నేర్చుకున్నాను గాని, ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు లేరు.