పెళ్ళింట ఏడ్చిన విశ్రాంతమ్మ

ఓదార్చడానికి వచ్చేవాళ్ళలో కొందరి నోటికి తాళం వెయ్యాలి. నేలకొండపల్లిలో విశ్రాంతమ్మ కూతురు లూర్దు ఆరేళ్ళకే మెదడువాపు జ్వరంతో పోయినప్పుడు చర్చి గుడివాళ్ళంతా వచ్చారు. వచ్చి, "దేవుని దగ్గరికి పోయిన బిడ్డ కోసం ఏడ్వొద్దమ్మా, విశ్వాసం లేనట్టయితది" అన్నారు. పిచ్చి తల్లి, నమ్మింది. గొంతులోకి వచ్చినదాన్ని వచ్చినట్టే మింగింది. మట్టి వేసేటప్పుడు కూడా ఆమె కంట చుక్క రాలలేదు. ఎంత గట్టి భక్తి అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఇంట్లో బిడ్డ పేరు వినబడలేదు. పేరెత్తితే భార్య ఏమైపోతుందోనని తోమాసు భయం. అతనేమైపోతాడోనని ఆమె భయం. తోమాసు రైల్వేలో గేట్‌మన్. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో కారేపల్లి దగ్గరి గేటుకు బదిలీ అయి వచ్చేసరికి విశ్రాంతమ్మ సగమైంది. అన్నం సయించదు, నిద్ర పట్టదు. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని తోమాసుకు తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం పాలుపోలేదు.

వచ్చిన కొత్తలోనే ఒక పొద్దున గేటు అవతలి లంబాడీ తండాలోంచి ఏడుపు వినిపించింది. ఆడవాళ్ళంతా రాగం తీసి ఏడుస్తున్నారు.

"ఎవరో పోయినట్టున్నరు. నేను పోయొస్త" అంది విశ్రాంతమ్మ.

"వాళ్ళెవరో మనకు ఎరుకనన్న లేదాయె" అన్నాడు తోమాసు.

"ఏడుస్తున్నరు గదా. ఇంకేం ఎరుక కావాలె?"

ఎవరింట కష్టం వచ్చినా పిలవకపోయినా పోవాలని చిన్నప్పుడు గుడిలో నేర్చుకున్నది ఆమె ఏనాడూ మరిచిపోలేదు. చావింట పొయ్యి వెలగదు కాబట్టి వండిన అన్నం, చారు గిన్నెల్లో పెట్టుకుని బయలుదేరింది.

ఒక గుడిసె ముందు పడుచుపిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. చుట్టూ అద్దాల రవికల ఆడవాళ్ళు. శవం లోపలుందేమో అనుకుని విశ్రాంతమ్మ గిన్నెలు దించి దగ్గరికి పోయింది. ఆ పిల్ల ఎవరో ఏమిటో చూడకుండా ఈమె మెడను కూడా చుట్టేసింది. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా కట్ట తెగింది. "ఓ లూర్దూ, ఓ నా తల్లీ" అంటూ విశ్రాంతమ్మ నేలమీద పడి పొర్లింది.

తండా ఆడవాళ్ళు బిత్తరపోయి ఏడుపు ఆపేశారు. పిల్ల తల్లి సోమ్లి ఆమెను పట్టి లేపింది. "చావు గాదమ్మా, మా బిడ్డ పెళ్ళి. అత్తగారింటికి పంపేటప్పుడు మేం గిట్లనే ఏడుస్తం."

విశ్రాంతమ్మకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళింటికి చావు కూడు మోసుకొచ్చింది. పైగా చచ్చిన బిడ్డ పేరు పెట్టి ఏడ్చింది. తిట్టినా కొట్టినా పడాల్సిందే. "తప్పయింది తల్లీ, శుభకార్యంల అపశకునం జేసిన" అని లేవబోయింది.

సోమ్లి చెయ్యి వదల్లేదు. "లూర్దు ఎవరు?"

"నా బిడ్డ. జరమొచ్చి పోయింది."

"ఎట్లుండేది?"

ఆ మాట ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. "నల్లగ ఉండేది" అంది విశ్రాంతమ్మ. "పాత గేటు కాడ రైలు పోతుంటే డబ్బాలు లెక్కవెట్టేది. పది దాటితే రాకపోయేది, మళ్ళ ఒకటికి వచ్చేది."

సోమ్లి ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి మళ్ళీ రాగం అందుకుంది. కన్నకూతుర్ని సాగనంపే ఏడుపులోనే లూర్దు పేరు కలిపింది. పెళ్ళికూతురు మొహం చిట్లించలేదు సరికదా, తానూ ఆ పేరే అందుకుంది. విశ్రాంతమ్మ ఏడుస్తూనే ఆ పిల్ల నుదుట సిలువ గుర్తు వేసి, "పిల్లాపాపలతోటి సల్లగుండు బిడ్డా" అంది. ఆ దీవెన మనస్ఫూర్తిగానే వచ్చింది.

డ్యూటీ దిగిన తోమాసు భార్యను వెతుక్కుంటూ వచ్చాడు. తెలియని భాషలో, తెలియని గొంతుల్లో తన కూతురి పేరు విని కంచె దగ్గరే ఆగిపోయాడు. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. విశ్రాంతమ్మ లేచి పోయి ఆ తువ్వాలు లాగేసింది.

"నువ్వు గూడ ఏడ్వు. ఈడ ఎవ్వరు వద్దనరు."

"లూర్దూ" అన్నాడు తోమాసు, ఆటకు పోయిన బిడ్డను అన్నానికి పిలిచినట్టు. జవాబు కోసం ఆగాడు. మళ్ళీ పిలిచాడు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఎద్దులను కట్టకుండా బండి పక్కనే నిలబడిపోయారు.